గుడిలో గిటారుకు కేపో – ఎంచుకోవడం ఎలా?



కొన్ని వారాల క్రితం ఒక విచారణలో ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక, ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. కుర్రవాడికి పదిహేనేళ్లుంటాయి. గాయక బృందంలో గిటారు వాయిస్తాడు. "వీడు కేపో అనే వస్తువు కొనిపెట్టమని నా ప్రాణం తీస్తున్నాడండీ. బృందంలో పెద్దవాళ్లేమో అది వాయించడం చేతగాని వాళ్లు పెట్టుకునేది అంటున్నారు. ఏం చేయమంటారు?" అని అడిగింది. కుర్రవాడు తలవంచుకుని నిలబడ్డాడు.

ఆ రోజు పూజలో నేను గమనించిన విషయం ఒకటుంది. ప్రవేశ గీతం మొదలుపెట్టినప్పుడు గుడిలో అందరూ గొంతు కలిపారు. చరణం పైకి వెళ్లేసరికి ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరికి మైకు పట్టుకున్న ఇద్దరి గొంతులే మిగిలాయి. చాపల మీద ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మలు పుస్తకం మూసి ఒడిలో పెట్టుకున్నారు. వారికి పాట రాక కాదు, అంత పైకి గొంతు అందక. ఆ తల్లి అడిగిన ప్రశ్నకూ, ఆ అమ్మమ్మల మౌనానికీ సంబంధం ఉంది. అందుకే ఈ వారం కేపో గురించి వ్రాస్తున్నాను.

ముందుగా కేపో అంటే ఏమిటో తెలియని వారి కోసం నాలుగు మాటలు. వీణకు మెట్లున్నట్టే గిటారు మెడ మీద ఫ్రెట్లు ఉంటాయి. కేపో అంటే ఆ మెడకు అడ్డంగా బిగించే చిన్న పట్టీ. అది ఆరు తీగలనూ ఒకేసారి నొక్కి పట్టుకుంటుంది. "కాపోతాస్తో" అనే ఇటాలియన్ మాటకు ఇది పొట్టి రూపం. కాపో అంటే తల, తాస్తో అంటే మెట్టు. నిజంగానే అది గిటారుకు కొత్త తల పెట్టినట్టే. తీగ ఎక్కడి నుంచి మ్రోగాలో ఆ చోటు కిందికి జరుగుతుంది, తీగ పొట్టిదవుతుంది, స్వరం పెరుగుతుంది. ఒక్కో ఫ్రెట్‌కు అర స్వరం చొప్పున పెరుగుతుంది. తీగ పొడవు 65 సెంటీమీటర్లున్న గిటారులో మొదటి ఫ్రెట్ దగ్గర కేపో పెడితే సుమారు మూడున్నర సెంటీమీటర్ల తీగ తగ్గుతుంది. అయిదో ఫ్రెట్ దగ్గర పెడితే తీగలో ముప్పాతిక భాగం, ఏడో ఫ్రెట్ దగ్గర పెడితే మూడింట రెండు వంతులు, పన్నెండో ఫ్రెట్ దగ్గర పెడితే సరిగ్గా సగం మిగులుతుంది.

మన హార్మోనియం మాస్టార్లకు దీన్ని శ్రుతి లెక్కలో చెబితే వెంటనే అర్థమవుతుంది. ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు అంటే డి, రెండున్నర అంటే ఇ ఫ్లాట్, మూడు అంటే ఇ, నాలుగు అంటే ఎఫ్, నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్, అయిదు అంటే జి. మూడు తర్వాత నాలుగుకు మధ్య "మూడున్నర" లేదని గుర్తుంచుకోండి. గిటారు మీద సి వరుస కార్డ్స్ వాయిస్తూ కేపో మొదటి ఫ్రెట్‌లో పెడితే ఒకటిన్నర, రెండో ఫ్రెట్‌లో పెడితే రెండు శ్రుతి. వేళ్లు పట్టే ఆకారాలు మారవు, శ్రుతి మారుతుంది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట నొక్కడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ మీట నొక్కిన కీబోర్డు వాద్యకారుణ్ణి చేతగానివాడని ఎవరూ అనరు. కేపో పెట్టిన కుర్రవాణ్ణి మాత్రం అంటారు! స్పెయిన్ దేశపు ఫ్లమెంకో గిటారు విద్వాంసులు గాయకుడి గొంతును బట్టి కేపో జరుపుతూనే ఉంటారు. వారికి వాయించడం రాదని అనే ధైర్యం ఎవరికుంది?

గుడిలో గిటారు ఏమిటని ఇప్పటికీ ముఖం చిట్లించే పెద్దలున్నారు. వారికి ఒక్క సంగతి గుర్తు చేస్తాను. మనం "శుద్ధరాత్రి" అని పాడుకునే క్రిస్మస్ పాటను మొట్టమొదట 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊరిలో, పునీత నికొలాసు దేవాలయంలో పాడారు. పాట వ్రాసిన జోసెఫ్ మోర్ గారు ఆ గుడిలో సహాయ గురువు. బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ గారు పక్క ఊరి బడిపంతులు. ఆ రాత్రి ఆ పాటకు తోడుగా మ్రోగినది గిటారే. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన శాసనపత్రం పైప్ ఆర్గన్‌కు ప్రత్యేక గౌరవం ఇచ్చింది. ఇతర వాద్యాలను కూడా అధికారుల అనుమతితో వాడవచ్చునని చెప్పింది. అయితే అవి పవిత్ర కార్యానికి తగినవై, ఆలయ గౌరవానికి అనుగుణంగా ఉండి, విశ్వాసుల భక్తిని పెంపొందించాలి. అదే పత్రం, పాటలో పాలుపంచుకునే భాగ్యం గుడిలో ఉన్న విశ్వాసులందరిదీ కావాలని కోరింది. పాట శ్రుతి అంతా మైకు దగ్గరున్న ఒక్క గొంతు కోసమే కుదుర్చుకుంటే ఆ కోరిక ఎలా నెరవేరుతుంది?

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కేపో శ్రుతిని పెంచగలదే గాని తగ్గించలేదు. మరి పాట పైకి పోయి జనం ఇబ్బంది పడుతుంటే, శ్రుతిని పెంచే వస్తువు ఏం ఉపకారం చేస్తుంది? కిటుకు ఆకారం మార్చడంలో ఉంది. పాటను జి లో పాడుతున్నారు, జనానికి ఒక స్వరం తగ్గి ఎఫ్ లో కావాలి అనుకోండి. ఎఫ్ లో బార్ కార్డ్స్ ఎక్కువ. కొత్తగా నేర్చుకున్న పిల్లలు చూపుడువేలు అడ్డంగా వేసి ఆరు తీగలూ నొక్కలేక, రెండో చరణానికే చెయ్యి నొప్పి పుట్టి వదిలేస్తారు. అప్పుడు సి ఆకారాలు తీసుకుని కేపో అయిదో ఫ్రెట్‌లో పెట్టండి. లేదా డి ఆకారాలతో మూడో ఫ్రెట్‌లో, ఇ ఆకారాలతో మొదటి ఫ్రెట్‌లో పెట్టండి. మూడూ ఎఫ్ శ్రుతే. అలాగే ఇ ఫ్లాట్ కావాలంటే సి ఆకారాలతో మూడో ఫ్రెట్, లేదా డి ఆకారాలతో మొదటి ఫ్రెట్. బి ఫ్లాట్ కావాలంటే జి ఆకారాలతో మూడో ఫ్రెట్. మైనర్ పాటలకు ఎ మైనర్, ఇ మైనర్ ఆకారాలు పట్టుకుని ఇలాగే జరుపుకోవచ్చు. తపస్సు కాలపు పాటలు చాలావరకు మైనర్‌లోనే ఉంటాయి కాబట్టి ఇది మరీ ఉపయోగం.

జనానికి ఏ శ్రుతి సరిపోతుందో గాయక బృందం తనంతట తాను తేల్చకూడదని నా అభిప్రాయం. శనివారం సాయంత్రం సాధనకు ఇద్దరు పెద్దమ్మలనూ, ఇద్దరు పెద్దాయనలనూ పిలవండి. మైకు లేకుండా, పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే వరుసను వారి చేత పాడించండి. మెడ నరాలు బిగుసుకుంటే శ్రుతి దించండి. అట్టడుగు వరుసలో గొంతు వినబడకుండా పోతే కాస్త పెంచండి. సాధారణంగా జనం పాడే పాట మధ్య సి నుంచి పై డి వరకు ఉంటే ఇబ్బంది ఉండదు. పై ఇ దాటితే పుస్తకాలు మూతపడతాయి. కుదిరిన శ్రుతిని, కేపో అంకెను పాటల పుస్తకంలో ఆ పాట పక్కనే పెన్సిలుతో వ్రాసుకోండి. కలంతో వద్దు, మళ్లీ మార్చుకోవలసి వస్తుంది.

తబలా వాయించే వారిని కూడా ఒక మాట అడగండి. తబలా కుడి భాగాన్ని ఒక శ్రుతికి కట్టి ఉంచుతారు. కేపో జరిపినంత తేలిగ్గా దాన్ని పాటపాటకూ మార్చలేరు. ప్రవేశ గీతం రెండు శ్రుతి, అర్పణ గీతం నాలుగున్నర, దివ్యసత్ప్రసాద గీతం రెండున్నర అని మీరు ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటే, పాపం ఆయన సుత్తి పట్టుకుని పూజంతా తబలా కొడుతూనే ఉండాలి. వీలైనన్ని పాటలను ఒకటి రెండు శ్రుతుల్లోకి తెచ్చుకుంటే గుడిలో ప్రశాంతత ఉంటుంది.

ఇక కొనే సంగతికి వద్దాం. దుకాణానికి వెళ్లేముందు మీ గిటారు ఏ రకమో చూసుకోండి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు మెడ వెడల్పుగా, పైభాగం చదునుగా ఉంటుంది. తల దగ్గర వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు. ఉక్కు తీగల గిటారు మెడ సన్నగా, సుమారు 43 మిల్లీమీటర్లుండి, పైభాగం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. కేపో పట్టీ దానికి తగ్గట్టే ఉండాలి. ఉబ్బెత్తు మెడ కోసం వంపుతో చేసిన పట్టీని చదును మెడ మీద బిగిస్తే మధ్య తీగలు సరిగా నొక్కబడక జుమ్మంటాయి. చదును పట్టీని ఉబ్బెత్తు మెడ మీద పెడితే అంచు తీగలు జుమ్మంటాయి. "అన్నిటికీ సరిపోతుంది తీసుకోండి" అనే దుకాణదారు మాట నమ్మి కొన్నవారు తర్వాత తమ గిటారును తిట్టుకోవడం నేను చూశాను. తప్పు గిటారుది కాదు. పన్నెండు తీగల గిటారున్న వారు ఇంకా జాగ్రత్తగా చూడాలి. జతలో లావు తీగ, సన్న తీగ పక్కపక్కనే ఉంటాయి గనుక గట్టి పట్టు కావాలి.

దొరికే రకాలు ముఖ్యంగా నాలుగు. సాగే పట్టీది అన్నిటికంటే చవక. మెడ చుట్టూ తిప్పి కొక్కెం తగిలిస్తారు. తేలికగా ఉంటుంది, జేబులో పడిపోతుంది. కానీ మన ఎండలకు రబ్బరు వదులైపోతుంది. ఒక వేసవి గడిచాక దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. పైగా తీసి పెట్టడానికి రెండు చేతులూ కావాలి. రెండోది స్ప్రింగు రకం, బట్టల క్లిప్పులా పిండి పెట్టేది. ఒక్క చేత్తో రెండు క్షణాల్లో మార్చవచ్చు కాబట్టి కుర్రవాళ్లందరికీ ఇదే ఇష్టం. దీని లోపం, ఎంత గట్టిగా నొక్కాలో మన చేతిలో ఉండదు. స్ప్రింగుకు ఎంత బలముంటే అంతా నొక్కుతుంది. మెడ కింది ఫ్రెట్ల వైపు లావెక్కుతుంది గనుక అక్కడ స్ప్రింగు మరింత విచ్చుకుని మరింత గట్టిగా నొక్కుతుంది. తీగ అవసరానికి మించి నొక్కబడితే సాగి శ్రుతి పెరుగుతుంది. కొత్త గిటారు, తీగలు మెడకు దగ్గరగా ఉన్నది అయితే ఈ తేడా పెద్దగా తెలియదు. తీగలు ఎత్తుగా ఉన్న పాత గిటారు అయితే హార్మోనియం పక్కన వాయించినప్పుడు చెవి కోసుకుపోతుంది.

మూడోది మర రకం. వెనుక ఉన్న మరను తిప్పి, తీగలు జుమ్మనకుండా ఉండేంత మాత్రమే బిగించవచ్చు. నాలుగోది మీట రకం. ఒకసారి మర సరిచేసి పెట్టుకుంటే తర్వాత మీట నొక్కడం, ఎత్తడమే పని. శ్రుతి విషయంలో ఈ రెండూ మేలు. మర రకం నిదానం. మీట రకం ధర ఎక్కువ, పైగా మెడ లావు మారే చోట మళ్లీ మర సరిచేయాలి. ధరలు వందల రూపాయల నుంచి వేల వరకూ ఉన్నాయి. విచారణ గాయక బృందానికి వేల రూపాయల కేపో అవసరమని నేను అనుకోను. ఆ డబ్బుతో తీగల సెట్లు నాలుగు కొనవచ్చు. తుప్పు పట్టిన తీగల మీద ఎంత మంచి కేపో పెట్టినా ఒకటే.

దుకాణానికి మీ గిటారు మీరే తీసుకువెళ్లండి. ముందుగా శ్రుతి చేసుకోండి. సెల్ ఫోనులో ట్యూనర్ ఉంటే అది చాలు. కేపోను మొదటి ఫ్రెట్‌లో పెట్టి ఒక్కో తీగనూ విడివిడిగా మీటండి. అన్నీ కలిపి ఒకేసారి వాయిస్తే జుమ్మనే తీగ దొరకదు. తర్వాత అయిదో ఫ్రెట్‌లో పెట్టి మళ్లీ మీటండి. ట్యూనరులో ప్రతి తీగా ఎంత పెరిగిందో చూడండి. ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుది, మిగతా వాటికంటే బాగా ఎక్కువ పెరిగితే ఆ కేపో మీ గిటారుకు పనికిరాదు. మెడను తాకే ప్రతిచోటా రబ్బరు ఉందా, లోహం ఎక్కడైనా తగిలి పాలిష్ గీసుకుంటుందా అని వేలితో తడిమి చూడండి. కేపో పెట్టాక సి కార్డ్ పట్టి చూడండి. కొన్నిటి పిడి సరిగ్గా చూపుడువేలికి అడ్డొస్తుంది. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

పెట్టే పద్ధతి సరిగా లేకపోతే మంచి కేపో కూడా చెడ్డదిగానే కనిపిస్తుంది. ఫ్రెట్ లోహం మీద పెట్టకూడదు. రెండు ఫ్రెట్ల నడుమ కూడా కాదు. ఫ్రెట్‌కు వెనుక, తల వైపు, దాన్ని ఆనుకుని ఉన్నట్టుగా, వంకర లేకుండా పెట్టాలి. పెట్టేటప్పుడు తీగలు పక్కకు లాగబడకుండా చూడాలి. పెట్టిన తర్వాత ఒకసారి తీగలు సరిచూసుకోవాలి. తీసిన తర్వాత కూడా.

పూజ మధ్యలో ఇదంతా ఎప్పుడు చేయాలి అంటారేమో. ప్రత్యుత్తర కీర్తనకూ అల్లెలూయకూ మధ్య రెండో పఠనం ఉంది. అయితే పఠనం చదువుతుండగా స్ప్రింగు టక్కుమని వదలడం, తీగలు టింగుటింగుమనిపించడం మర్యాద కాదు. పఠనమైనా, దివ్యసత్ప్రసాదం తర్వాతి మౌనమైనా అంతే. అందువల్ల ఆ రెండింటినీ ఒకే కేపో స్థానంలో కుదుర్చుకోండి. "పరిశుద్ధుడు" పాట విషయం వేరు. గురువులు ప్రార్థన పాడుతూ ఏదో ఒక స్వరం మీద ఆగుతారు. బృందం దానితో సంబంధం లేని మరో శ్రుతిలో అందుకుంటే జనం తికమకపడతారు. ప్రతి గురువుకూ అలవాటైన స్వరం ఒకటుంటుంది. మీ ఫాదర్ గారు ఎక్కడ ఆగుతారో రెండు మూడు ఆదివారాలు విని, ఆ స్వరానికి తగ్గట్టు కేపో ముందే సిద్ధంగా ఉంచుకోండి. తపస్సు కాలంలో వాద్యాలు పాటకు తోడుగా మాత్రమే మ్రోగాలని పూజగ్రంథపు సాధారణ సూచనలు చెబుతున్నాయి. నాలుగవ ఆదివారానికీ, మహోత్సవాలకూ, పండుగలకూ మాత్రం మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో శ్రుతి చూసుకునే నెపంతో చిన్న చిన్న బాణీలు వాయించే అలవాటు కూడా మానుకోవాలి.

అన్నిటికంటే కేపో విలువ తెలిసేది చావు ఇంటి దగ్గర. అక్కడ సాధన ఉండదు, పాటల పట్టిక ఉండదు. శవపేటిక పక్కన కూర్చున్న ఎవరో ఒక ముసలి తల్లి తన గొంతుకు వచ్చిన శ్రుతిలో పాట ఎత్తుకుంటుంది. "కాస్త ఆగండమ్మా, ఇది మా శ్రుతి కాదు" అని ఏ నోటితో అంటాం? మనమే ఆమె దగ్గరకు వెళ్లాలి. దీనికి ఒక సులువు ఉంది. కేపో తీసేసి, ఆమె పాటలోని "స" ను లావు తీగ, అంటే ఆరో తీగ మీద వెతకండి. ఎన్నో ఫ్రెట్‌లో దొరికిందో అందులోంచి మూడు తీసేయండి. మిగిలిన అంకె దగ్గర కేపో పెట్టి జి ఆకారాలు వాయించండి. అయిదో ఫ్రెట్‌లో దొరికితే కేపో రెండులో అన్నమాట. మూడుకంటే తక్కువలో దొరికితే అయిదో తీగ మీద వెతకండి. అక్కడ కూడా మూడు తీసేసి, సి ఆకారాలు వాయించండి. మైనర్ పాట అయితే మూడు తీయనక్కరలేదు. "స" ఆరో తీగ మీద దొరికితే అదే ఫ్రెట్‌లో కేపో పెట్టి ఇ మైనర్ ఆకారాలు, అయిదో తీగ మీద దొరికితే ఎ మైనర్ ఆకారాలు. పల్లవి రెండోసారి వచ్చేలోగా మీరు ఆమెతో కలిసిపోతారు. ఇంట్లో అమ్మ చేత పాడించుకుని పదిసార్లు సాధన చేయండి.

కొనే స్తోమత ఇప్పట్లో లేని పిల్లలు నిరుత్సాహపడనక్కరలేదు. గట్టి పెన్సిలు ఒకటి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన పట్టీ ఒకటి ఉంటే తాత్కాలికంగా పని జరుగుతుంది. పెన్సిలును ఫ్రెట్ వెనుక తీగల మీద అడ్డంగా ఆనించి, రెండు కొనలకూ పట్టీ తగిలించి మెడ వెనుక నుంచి బిగించాలి. చదును మెడ గిటారు మీద ఇది ఆశ్చర్యంగా బాగానే పనిచేస్తుంది. పెద్ద పండుగ పూజకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. మధ్యలో ఎగిరి ఎవరి మీదైనా పడవచ్చు!

ఆ తల్లికి నేను చెప్పింది ఇదీ. ఆ కుర్రవాడి గిటారు పాతది, ఉక్కు తీగలది, తీగలు ఎత్తుగా ఉన్నాయి. కాబట్టి స్నేహితుల దగ్గర చూసిన స్ప్రింగు రకం కాకుండా, వంపు పట్టీ ఉన్న మర రకం కొనమన్నాను. గిటారు వెంట తీసుకువెళ్లమన్నాను. బార్ కార్డ్స్ నేర్చుకోవడం మాత్రం మానవద్దని కుర్రవాడితో అన్నాను. పాట మధ్యలో శ్రుతి మారే పాటలకు కేపో ఒక్కటే చాలదు. వాయించడం అయిపోగానే కేపో తీసి గుడ్డ సంచిలో వేసుకోవాలి. రాత్రంతా మెడకు బిగించి వదిలేస్తే తీగలు సాగుతాయి, రబ్బరులో గాట్లు పడతాయి. గాట్లు లోతైతే తీగలు వాటిలోకి దిగి జుమ్మంటాయి. అప్పుడు కేపో మొత్తం పారేయకుండా, రబ్బరు ముక్క ఒక్కటే దొరుకుతుందేమో దుకాణంలో అడగాలి. కొన్ని రకాలకు అది విడిగా అమ్ముతారు.